పది అడుగుల గదిలో వడ్రంగం మొదలుపెట్టాలంటే ముందు ఏం కొనాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో మళ్లీ చెబుతాను. ఇంట్లో వాడని గది ఒకటి ఉంది. పొడవు 10 అడుగులు, వెడల్పు 8. పొడుగు గోడకు కిటికీ, పొట్టి గోడకు తలుపు. పక్క గదిలో చంటిపాప పడుకుంటుంది. స్టూళ్లు, పుస్తకాల అరలు, చిన్న బల్లలు సొంతంగా చేసుకోవాలని మీ కోరిక. చూసిన వీడియోలన్నీ ముందు టేబుల్ సా (బల్ల మధ్యలోంచి పైకి వచ్చే గుండ్రటి బ్లేడుతో చెక్కను కోసే యంత్రం) కొనమంటున్నాయి. అది ఆ గదిలో పడుతుందా, పడితే మిగతావి ఎలా సర్దాలి అని అడిగారు.

టేబుల్ సా పడుతుంది. దాని మీద కోయాల్సిన చెక్కే ఆ గదిలో పట్టదు. కాబట్టి ఇప్పుడు కొనకండి. ముందు కదలని పనిబల్ల ఒకటి చేసుకోండి. పదును పెట్టుకోవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే చోటు ఒకటి ఏర్పాటు చేసుకోండి. పది పన్నెండు చేతి పనిముట్లు, ఒక డ్రిల్లు కొనుక్కోండి. మీరు చెప్పిన వస్తువులన్నీ వీటితో అవుతాయి. యంత్రం అవసరమైతే ఏ యంత్రమో ఏడాది పని చేశాక మీకే తెలుస్తుంది.

నేను ఇరవై ఏళ్లుగా 7 బై 9 అడుగుల గదిలోనే పని చేస్తున్నాను. మీ గది నా గది కంటే పెద్దది.

టేబుల్ సా సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే డబ్బూ చేతివేళ్లూ రెండూ పోయే అవకాశం అక్కడే ఎక్కువ. చిన్న గదిని చూసి అందరూ "ఈ యంత్రం ఎంత చోటు తింటుంది?" అని కొలుస్తారు. కొలవాల్సింది యంత్రాన్ని కాదు, దాని మీద నడిచే చెక్కను. 6 అడుగుల పలకను నిలువునా చీల్చాలంటే బ్లేడుకు ముందు 6 అడుగులు, వెనక 6 అడుగులు ఖాళీ ఉండాలి. అంటే 12 అడుగులు, ఆపైన మీరు నిలబడే చోటు. మీ గది పొడవే 10. నేను మొదట్లో ఈ లెక్క వేసుకోకుండా కొన్నాను. ఒకరోజు ఐదడుగుల చెక్క సగం కోయగానే దాని కొన ఎదురు గోడకు తగిలింది. బ్లేడు తిరుగుతుండగానే వెనక్కి లాగాను. చెక్క కాస్త మెలి తిరిగి బ్లేడు వెనక పళ్లకు దొరికింది, విసురుగా వచ్చి నా తుంటికి తగిలింది. మూడు వారాలు సరిగా నడవలేకపోయాను. అదే చెక్క కాస్త ఎత్తులో వచ్చి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోవాలని ఉండదు. చోటు చాలని గదిలో టేబుల్ సా ఇరుకు మాత్రమే కాదు, ప్రమాదం కూడా.

ఇక బల్ల. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే కొత్తవాళ్లు పనిముట్ల మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా దీని మీద పెట్టరు.

చేతి పనిలో బలం భుజాల నుంచి కాదు, కాళ్ల నుంచి, నడుము నుంచి వస్తుంది. చిత్రిక (చెక్కను నున్నగా గీసే పనిముట్టు, కొందరు రందా అంటారు) పట్టేటప్పుడు ఒళ్లంతా ముందుకు వాలుతుంది. ఆ తోపుకు బల్ల అంగుళం కదిలినా చిత్రిక ఎగిరెగిరి పడుతుంది, చెక్క మీద అలలు మిగులుతాయి. నా మొదటి బల్ల పాత తలుపు రెక్కను రెండు స్టాండ్ల మీద పరిచి చేసింది. దాని మీద రెండేళ్లు పని చేసి, నా చిత్రిక మంచిది కాదనుకుని రెండోది కొన్నాను. అదీ అలాగే ఎగిరింది. చివరికి బరువైన బల్ల చేసుకున్న రోజు పాత చిత్రికే పట్టి చూస్తే పొట్టు ఉల్లిపొరలా చుట్టలు చుట్టలుగా వచ్చింది. లోపం చిత్రికలో ఎప్పుడూ లేదు.

మీ గదికి 5 అడుగుల పొడవు, 22 అంగుళాల వెడల్పు సరిపోతుంది. గోడవారగా పెట్టే బల్ల అంతకంటే వెడల్పైతే అవతలి అంచు చేతికి అందదు, అక్కడ సామాను పేరుకుంటుంది. పైపలక కనీసం రెండంగుళాల మందం ఉండాలి. మందమైన చెక్క దొరక్కపోతే 18 మి.మీ. ప్లైవుడ్ మూడు పొరలు జిగురుతో అతికిస్తే 54 మి.మీ. వస్తుంది, అది చాలు. కాళ్లు మూడున్నర అంగుళాల చదరం. కాళ్లను కింద అడ్డపట్టీలతో బిగించండి. బల్ల ఊగేది నిలువు బరువుకు కాదు, పక్క తోపుకు. ఆ అడ్డపట్టీల మీద ఒక అర వేసి బరువైన సామానంతా అక్కడే పెట్టండి. గది చిన్నది కాబట్టి ఆ చోటు ఎలాగూ కావాలి, పైగా ఆ బరువు బల్లను నేలకు అదిమి ఉంచుతుంది.

ముందు కాళ్ల ముఖం, పైపలక ముందంచు ఒకే తలంలో ఉండేలా చూసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పొడుగు పలకను నిలబెట్టి దాని అంచు చిత్రిక పట్టాలంటే కాలికే క్లాంపుతో (మర తిప్పి బిగించే పట్టుతో) బిగించుకోవచ్చు. అప్పుడు పెద్ద వైస్ (చెక్కను కదలకుండా పట్టుకోవడానికి బల్లకు బిగించే సాధనం) లేకపోయినా పని ఆగదు.

ఎత్తు మాటకొస్తే, మీరు పనిలో వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి చేతులు వదిలేయండి. మణికట్టు మడత నేల నుంచి ఎంత ఎత్తులో ఉంటే అంత. మామూలు ఎత్తు మనిషికి 33 నుంచి 36 అంగుళాల మధ్య వస్తుంది. అచ్చంగా చిత్రిక పనే చేసేవాళ్లు ఇంకాస్త తక్కువ పెట్టుకుంటారు, చెక్కను చెక్కకు కలిపే అతుకులు కోసేవాళ్లకు ఎక్కువ ఎత్తు హాయి. సందేహం ఉంటే అంగుళం ఎక్కువే పెట్టండి. కాలు కోసి తగ్గించవచ్చు, అతికి పెంచడం కష్టం.

బల్లను గోడకు రెండు యాంగిల్ ముక్కలతో బిగిస్తే రాయిలా నిలబడుతుంది. అయితే పాప గదికి ఆనుకున్న గోడకు మాత్రం బిగించకండి. ఉలి మీద కొట్టే ప్రతి దెబ్బా ఆ గోడలోంచి అవతలికి పోతుంది. గాలిలో వచ్చే చప్పుడు కంటే గోడలో పాకే చప్పుడు ఆపడం కష్టం. కిటికీ ఉన్న గోడ బయటి గోడ కాబట్టి దానికి బిగించండి, కాళ్ల కింద మందపాటి రబ్బరు ముక్కలు వేయండి. బెజ్జాలు తొలిచేటప్పుడు చెక్కను సరిగ్గా బల్ల కాలికి పైన పెట్టి కొట్టండి. దెబ్బ నేరుగా నేలలోకి దిగుతుంది, బల్ల డప్పులా మోగదు, ఉలీ లోతుగా పోతుంది.

కిటికీ కింద బల్ల వేయమనడానికి ఇంకో కారణం వెలుతురు. పక్క నుంచి ఏటవాలుగా పడే వెలుతురులో చెక్క మీద ప్రతి గీతా, ప్రతి గుంటా కనిపిస్తాయి. నడినెత్తిన లైటొక్కటే ఉంటే మీ తల నీడ గుర్తుగీత మీదే పడుతుంది. రాత్రిళ్లు పని చేస్తే మెడ తిరిగే దీపం ఒకటి మీ ఎడమవైపు పెట్టుకోండి, మీరు ఎడమచేతివాటమైతే కుడివైపు.

మిగిలిన సర్దుబాటు తొందరగా చెప్పేస్తాను. గది వెడల్పు 96 అంగుళాలు. బల్లకు 22 పోయింది. ఎదురు గోడకు అడుగు లోతులో పనిముట్లు, చెక్కలు. మధ్యలో ఇంకా 5 అడుగులకు పైన మిగులుతుంది. ఆ ఖాళీ నేలను కూడా ఒక పనిముట్టుగా లెక్కపెట్టండి. వస్తువు నిలబెట్టి బిగించేది, చుట్టూ తిరిగి రంగు వేసేది అక్కడే. అక్కడ శాశ్వతంగా ఏదీ పెట్టకండి. తర్వాతెప్పుడైనా యంత్రం కొంటే తాళం పడే చక్రాల మీద ఎక్కించి, పని అయ్యాక గోడకు జరపండి. దాని బల్ల ఎత్తును మీ పనిబల్ల ఎత్తుకు సమానంగా పెట్టుకుంటే పొడుగు చెక్కకు పనిబల్లే ఆసరా అవుతుంది. అలాగే పొడుగు చెక్క కోసేటప్పుడు దాని కొన తెరిచిన తలుపు వైపు ఉండేలా నిలబడండి. తలుపు తెరిస్తే గది పొడవు పెరిగినట్టే.

తలుపు మాట వచ్చింది కాబట్టి దాని వెడల్పు ఇప్పుడే కొలిచి గోడ మీద రాసుకోండి. రెండు వైపులా సొరుగులున్న రాతబల్ల ఒకటి చేశాను. ఎత్తు 30 అంగుళాలు, లోతు 30. నా తలుపు సందు 28. నిలబెట్టినా పడుకోబెట్టినా బయటికి రాలేదు. జిగురు పెట్టిన అతుకులు ఊడవు కదా, రంపంతో ఒక పక్క కోసి బయటికి తెచ్చి మళ్లీ అతికాను. ఆ అతుకు గీత ఈరోజుకీ కనిపిస్తుంది. పెద్ద వస్తువులను అప్పటి నుంచి విడి భాగాలుగా చేసి, బోల్టులతో బయటే బిగిస్తున్నాను.

పనిముట్లు: 14 అంగుళాల ఇనుప చిత్రిక ఒకటి. ఉలులు నాలుగు, 6, 12, 18, 25 మి.మీ. ఒక కొయ్యసుత్తి. రంపాల్లో జపనీయుల ర్యోబా రంపం చిన్న గదికి బాగా అనువైనది. ఒక అంచున నిలువు కోతకు పళ్లు, రెండో అంచున అడ్డకోతకు పళ్లు, రెండు రంపాల పని ఒకదానిలో అయిపోతుంది. అది లాగేటప్పుడు కోస్తుంది కాబట్టి రేకు పల్చగా ఉంటుంది, కోత సన్నగా వస్తుంది. మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో లేదో చూసే మంచి మూలమట్టం ఒకటి, గీతలు గీసే మార్కింగ్ గేజ్ ఒకటి, టేపు, సన్నని మొన ఉన్న చాకు, బ్యాటరీ డ్రిల్లు, కనీసం ఆరు క్లాంపులు. మూలమట్టం విషయంలో మాత్రం చవకకు పోకండి. అది తప్పు చెబితే ఇంటికి చేరే వస్తువులన్నీ వంకరగానే ఉంటాయి. కొనేముందు ఒక సరైన అంచుకు ఆనించి గీత గీసి, మూలమట్టాన్ని తిరగేసి అదే చోట మళ్లీ గీయండి. రెండు గీతలూ కలిసిపోతే అది నిజం చెబుతున్నట్టు. గీతలు విడిపోతే పక్కన పెట్టేయండి.

పదును లేకపోతే పైవన్నీ ఇనుప ముక్కలే. కొత్త ఉలి కొట్టు నుంచి వచ్చినప్పుడు దాదాపు ఎప్పుడూ పనికొచ్చే పదునుతో రాదు. ముందు దాని వెనకభాగం, కొన దగ్గర ఓ అంగుళం మేర, సానరాయి మీద అద్దంలా చదును చేయాలి. ఇది ఒక్కసారి చేస్తే చాలు. తర్వాత 25 డిగ్రీల వాలుకు, కొసన మాత్రం 30 డిగ్రీల దగ్గర సన్నటి రెండో వాలు పెట్టండి. 1000 గ్రిట్ రాయి, 6000 గ్రిట్ రాయి (గ్రిట్ అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన), చివర తోలు ముక్క. చిన్న గదిలో చాలామంది రాళ్లను డబ్బాలో సర్ది పైన ఎక్కడో దాస్తారు. తీయడం, నీళ్లు పెట్టడం, తుడవడం బద్ధకమై మొద్దు ఉలితోనే కానిస్తారు. మొద్దు ఉలికి ఎక్కువ బలం పెట్టాలి, ఎక్కువ బలం పెట్టినప్పుడే జారుతుంది, చేతిలో దిగుతుంది. అందుకే బల్ల చివర అడుగు చోటు రాళ్లకే వదిలేయమంటున్నాను. రెండు నిమిషాల్లో పదును పెట్టి మళ్లీ పనిలో పడగలిగితే రోజుకు పదిసార్లైనా పెడతారు.

ప్లైవుడ్ సంగతి వేరు. 8 బై 4 అడుగుల 18 మి.మీ. షీటు 30 కిలోలకు పైనే తూగుతుంది, మీ గదిలో తిప్పడానికి కూడా వీలుకాదు. కొన్నచోటే కావలసిన కొలతకు కాస్త పెద్దగా కోయించుకు రండి. లేదా బయట నేల మీద రెండంగుళాల థర్మకోల్ పరిచి, షీటును దాని మీద వేసి, నేరుగా ఉన్న పట్టీ ఒకటి క్లాంపు చేసి, దాని వెంట సర్క్యులర్ సా (చేత్తో పట్టుకుని నడిపే గుండ్రటి బ్లేడు రంపం) నడపండి. బ్లేడు లోతు ప్లైవుడ్ మందం కంటే నాలుగైదు మి.మీ. మాత్రమే ఎక్కువ ఉంచండి. కోత కింద అంతటా ఆసరా ఉంటుంది కాబట్టి షీటు మధ్యలో వాలి బ్లేడును బిగపట్టదు. పెద్ద యంత్రం లేకుండా నేను అరలన్నీ ఇలాగే చేశాను.

ఇప్పుడు దుమ్ము. పక్కన చంటిపాప ఉందన్నారు కాబట్టి ఇది చదివి వదిలేయకండి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపలి భాగాలకు, సైనస్‌లకు వచ్చే క్యాన్సర్ అది. నేల మీద పడే రంపపు పొట్టు అంత భయపెట్టేది కాదు, ఊడ్చేస్తే పోతుంది. కంటికి కనిపించనంత సన్నగా ఉండి గంటల తరబడి గాలిలో తేలేదే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అది ఎక్కువగా పుట్టేది ఉప్పు కాగితం దగ్గర, అందులోనూ ఆ కాగితంతో రుద్దే శాండర్ యంత్రం దగ్గర. చిత్రిక వల్ల వచ్చేది పొట్టు, ధూళి కాదు. చిన్న గదిలో చేతి పనిముట్లు వాడమనడానికి నాకున్న అతి పెద్ద కారణం ఇదే. పదునైన చిత్రికతో ముగించిన చెక్కకు ఉప్పు కాగితం దాదాపు అక్కర్లేదు.

అయినా రుద్దక తప్పని రోజులుంటాయి. వీలైతే ఆరుబయట రుద్దండి. గదిలోనే అయితే కిటికీకి బయటికి తోసే ఫ్యాను పెట్టి, తలుపు కింద సందు మాత్రం వదలండి. గాలి ఇంట్లోంచి గదిలోకి రావాలి, గదిలోంచి ఇంట్లోకి పోకూడదు. శాండర్‌కు వాక్యూమ్ గొట్టం తగిలించండి. ఎన్95 మాస్కు ముఖానికి అంటుకుని ఉండాలి. యంత్రం ఆపగానే మాస్కు తీయకండి, ధూళి ఇంకా గాలిలోనే ఉంటుంది. పని బట్టలతో పాపను ఎత్తుకోకండి. నేను గది తలుపు దగ్గరే కొక్కేనికి పని చొక్కా తగిలించి బయటికి వస్తాను. ఎండీఎఫ్ పలకను (చెక్కపీచును జిగురుతో అదిమి చేసినదాన్ని) ఆ గదిలో కోయనే వద్దు. దాని ధూళి మరీ సన్నం, దానికి తోడు అందులో ఫార్మాల్డిహైడ్ కలిసిన జిగురు ఉంటుంది.

చప్పుడు కూడా లెక్కలోకి రావాలి. సర్క్యులర్ సా దగ్గర దాదాపు 100 డెసిబెళ్లు ఉంటుంది. రోజుకు 8 గంటలు భరించదగిన హద్దు 85 అనుకుంటే, ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది. ఆ లెక్కన 100 దగ్గర 15 నిమిషాలే. చిన్న గదిలో గోడల నుంచి చప్పుడు తిరిగి మీకే కొడుతుంది, చెవులకు మఫ్‌లు పెట్టకుండా స్విచ్ నొక్కకండి. ఇంకో మాట: తిరిగే యంత్రం దగ్గర చేతికి గ్లవ్స్ వద్దు. దారం పోగు ఒక్కటి చిక్కుకున్నా వేలిని లోపలికి లాగుతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు వైరు చుట్టగా ఉంచి యంత్రం నడపకండి, వేడెక్కుతుంది. మొత్తం విప్పేయండి.

చెక్క నిల్వ గురించి కొంచెమే చెబుతాను. ప్రస్తుతం చేస్తున్న వస్తువుకు కావలసిన చెక్క తప్ప మరేదీ ఆ గదిలో ఉంచకండి. నేను అడుగు కంటే పొట్టి ముక్కలను నెలాఖరున తీసేస్తాను. మొదట్లో మనసొప్పదు, ఎందుకంటే ప్రతి ముక్కా ఎప్పటికో పనికొస్తుందనిపిస్తుంది. కానీ వాటి కోసం ఖర్చయ్యేది మీ ఖాళీ నేల. కొత్త చెక్కను పని మొదలుపెట్టే రెండు వారాల ముందే గదిలోకి తెచ్చి, మధ్యమధ్య సన్న పుల్లలు పెట్టి పేర్చండి. గది గాలికి అది సర్దుకోవాలి. చెక్క పొడవులో దాదాపు మారదు, వెడల్పులో మాత్రం తేమను బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. 20 అంగుళాల వెడల్పున్న బల్లపలక వానాకాలానికీ వేసవికీ మధ్య నాలుగైదు మి.మీ. కదలడం మామూలే. నేను ఒక పలకను కింది చట్రానికి గట్టిగా మరలు బిగించి వదిలేశాను. కదలడానికి చోటు లేక వేసవిలో నడిమికి చీలింది. చట్రానికి వేసే మర బెజ్జాలను అడ్డంగా కాస్త పొడుగ్గా తొలిస్తే ఆ చీలిక రాదు.

చెక్కకు పూతగా లిన్సీడ్ నూనె (అవిసె నూనె) వాడితే, పూసిన గుడ్డను ఉండ చుట్టి పారేయకండి. ఆ నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆరుతుంది, ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోక, నిప్పు లేకుండానే గుడ్డ అంటుకుంటుంది. పొట్టు నిండిన చెత్తబుట్టలో అదెంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. బయట తీగ మీద విప్పి ఆరేయండి, లేదా నీళ్లున్న డబ్బాలో ముంచి ఉంచండి.

ఏడాది తర్వాత కూడా యంత్రం కావాలనిపిస్తే నేను బ్యాండ్ సా (చక్రాల మీద తిరిగే పొడవాటి పట్టీ బ్లేడు రంపం) వైపు చూడమంటాను. రెండడుగుల చదరంలో నిలబడుతుంది. దాని బ్లేడు చెక్కను కిందికి, బల్లకేసి నొక్కుతుంది కాబట్టి టేబుల్ సాలా మనిషి మీదికి విసరదు. మందపు చెక్కను పల్చని పలకలుగా చీల్చడం, వంపులు కోయడం రెండూ దానితో అవుతాయి. పొడుగు చెక్క చీల్చాలంటే ముందూ వెనకా ఖాళీ మాత్రం దీనికీ కావాలి. తాళం పడే చక్రాల మీద ఉంటుంది కాబట్టి ఆ కాసేపు తలుపుకు ఎదురుగా తిప్పుకోండి.

ఇవాళ మొదలుపెట్టేటట్టయితే బల్లకు కాళ్ల చెక్క తెచ్చుకోండి. అతుకులు రాకపోతే బోల్టులతో బిగించిన బల్ల కూడా పదేళ్లు నిలుస్తుంది. కిటికీ కింది అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, తలుపు లోపలికి తెరుచుకుంటుందో బయటికో రాయండి. లోపలికైతే బల్లను తలుపుకు దూరంగా జరపాల్సి రావచ్చు, అది చూసి కొలతలు మళ్లీ చెబుతాను.